ఇంకొకడి తాడు

సబీకా పడవను వేలి కణుపులతో తట్టింది. ముక్కు దగ్గర మొదలుపెట్టి, వెనకాల ఇంజను తగిలించే పలక దాకా, పుచ్చకాయలు ఎంచే ఆడమనిషిలా తట్టుకుంటూ వెళ్ళింది. అమ్మేవాడు ముందు నవ్వాడు. ఆమె వెనక పలక దగ్గర ఆగి ఒకేచోట మళ్ళీ మళ్ళీ తట్టేసరికి నవ్వు మానేసి టీ గ్లాసు అందుకున్నాడు.

"ఇది వద్దు," అంది భర్తతో.

"ఏం? రంగు చూడు, అద్దంలా మెరుస్తోంది," అన్నాడు మిజ్బిల్.

"రంగుకేం, మొన్న వేసిందే. లోపల చెక్క నీళ్ళు తాగేసింది. విను. ఇక్కడ టంగుమంటోంది. ఇక్కడ తడిగోడని కొట్టినట్టుంది. ఏదో ఒకరోజు ఇంజను పలకతో సహా ఊడి సముద్రంలో పడుతుంది."

మిజ్బిల్ వంగి తనూ తట్టి చూశాడు. అతనికి రెండు చప్పుళ్ళూ ఒకలాగే వినిపించాయి. అయినా పెద్దమనిషిలా తలాడించి, "అవును, తాగింది," అన్నాడు.

మిజ్బిల్‌ది ఎడారి అంచున ఉన్న జహ్రా ఊరు. తాతముత్తాతల నుంచి ఒంటెలు, గుడారాలు, ఇసుక. ఆ వంశంలో నీళ్ళంటే బావిలో ఉండేవే. సబీకా తండ్రి ఫైలకా దీవిలో పుట్టిన సరంగు. కూతురికి అక్షరాల కంటే ముందు ముళ్ళు వేయడం నేర్పినవాడు. అలాంటి ఇంటిపిల్ల ఎడారివాడిని చేసుకుంటానంటే ఇంట్లో పొయ్యి వెలగలేదు. "ఇసుకోడి చేతిలో పెడితే నీటిపిల్ల ఎండి చస్తుంది," అన్నాడు తండ్రి. అని, చివరికి ఒప్పుకుని, పెళ్ళి చేసి, కాలం చేశాడు. ఆయన ఎగతాళిని మాత్రం కొడుకు అద్నాన్ ఆస్తితో పాటు తీసుకున్నాడు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా, బావ కనపడితే చాలు, "ఏం బావా, నీళ్ళు చూస్తే ఇంకా ఒంటెకి పెడదామనే అనిపిస్తోందా?" అంటాడు.

అందుకని చూసేవాళ్ళకి ఇది పడవ కొనడమే కానీ, సబీకాకి అంతకంటే పెద్ద సంగతి. మిజ్బిల్ తన పడవని తన బండితో లాక్కొచ్చి, అన్న కళ్ళముందు నీళ్ళలోకి దించి, మళ్ళీ మర్యాదగా ఒడ్డుకెక్కించాలి. అప్పుడు ఆమె పన్నెండేళ్ళ కిందట చేసిన ఎంపిక సరైనదేనని ఇంక ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ మాట ఆమె పైకి అనలేదు. ప్రతి పడవనీ అంత శ్రద్ధగా తట్టడంలో ఉన్నది మాత్రం అదే.

మిజ్బిల్‌కి రెండు ఇంజన్లున్న పెద్ద పడవ కావాలి. నీడకి గది ఉండాలి, గదిలో పరుపుండాలి, కాఫీ కాచుకోడానికి చోటుండాలి.

"గుడారం కొనడానికి వచ్చావా, పడవ కొనడానికి వచ్చావా?" అంది సబీకా.

"పెద్దదైతే అలలకి భయం ఉండదు కదా."

"అలలకి భయపడేది పడవ కాదు, నడిపేవాడు. మొదటి పడవ చిన్నగా ఉండాలి. నువ్వు తప్పు చేసినా క్షమించేలా ఉండాలి."

చివరికి దొరికింది. నలుగురు హాయిగా కూర్చునే తెల్ల ఫైబరు పడవ. ఒకే ఇంజను. పక్కన చిన్న దెబ్బ, ఎవరో గోడకి రాసినట్టు. కానీ తట్టిన చోటల్లా టంగుమంది. సబీకా లోపలికెక్కి, అడుగు మూత ఎత్తి ముక్కు పెట్టి వాసన చూసింది. పాత పెట్రోలు వాసన లేదు, కుళ్ళు వాసన లేదు. "ఇదీ," అంది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మిజ్బిల్ పడవ పేరు నెల కిందటే ఖాయం చేసుకుని కూర్చున్నాడు. కొన్న రెండోరోజే పెయింటరుని పిలిపించి పడవకి రెండు వైపులా నీలం రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాయించాడు. సబీకా అని. ఆమె సిగ్గుపడి తిట్టింది. వీధి చివర నుంచి కూడా కనపడుతోంది, నలుగురూ ఏమనుకుంటారంది. తిడుతూనే ఆ పక్కగా రెండుసార్లు నడిచి చూసుకుంది.

బండి దగ్గరికి వచ్చేసరికి పెత్తనం చేతులు మారింది. ఇక్కడ మిజ్బిల్ పండితుడు. సరిహద్దు గస్తీలో ఇరవయ్యేళ్ళు ఇసుకలో బండ్లు నడిపినవాడు. చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకున్నవాళ్ళ బండి ఎక్కడ దిగబడినా ఫోను అతనికే వస్తుంది. అన్నం పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళి లాగి వస్తాడు. నేల రంగు చూసి, ఇది పట్టే ఇసుక, ఇది మింగే ఇసుక అని చెప్తాడు.

కొత్త బండ్లను అతను కన్నెత్తి చూడలేదు. "కంప్యూటరు తెర ఉన్న బండి కబుర్లు చెప్తుంది, బరువు లాగదు," అన్నాడు. మూడు పాత జీపుల కింద వీపు మీద పడుకుని చూశాడు. నాలుగోదాని కింద పడుకున్నవాడు చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు మొహమంతా గ్రీజు, పళ్ళన్నీ కనపడే నవ్వు. ఇసుకరంగు జీపు, చేత్తో మార్చే గేర్లు, నాలుగు చక్రాలనీ తిప్పే ఇంజను.

"అంత పాతదా?" అంది సబీకా.

"పాతదే. పడవతోపాటు, మంచుపెట్టె, నీళ్ళు, పెట్రోలు, మీ అన్న ఎగతాళి, అన్నీ కలిపి వాలు ఎక్కించాలి. ఆ బరువుకి ఇదే కావాలి."

అమ్మేవాడు ముందు బంపరుకి వించి, అంటే మోటారుతో తాడు చుట్టుకునే చక్రం, పెట్టిస్తానన్నాడు. దిగబడినప్పుడు తనంతట తనే లాక్కుని బయటికొస్తుందన్నాడు.

"వించి దిగబడేవాడికి," అన్నాడు మిజ్బిల్, కోపం లేకుండానే. "నన్ను లాగే తాడు ఇంకా ఎవడూ పేనలేదు."

సబీకాకి ఆ మాట బాగుంది. గర్వంగా కూడా ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని వాళ్ళ నాన్న అనేవాడు కానీ, ఆ వేళ ఆమెకి అది గుర్తు రాలేదు.

ఆ గురువారమే అద్నాన్ ఇంట్లో మగవాళ్ళు కూర్చునే దివానియాకి సబీకా పెద్ద పళ్ళెం నిండా మాంసం కలిపిన మజ్బూస్ అన్నం వండి పంపింది. పడవ, జీపు వచ్చిన సంతోషానికి. గొర్రెమాంసం ఎముక నుంచి ఊడిపోయేంత మెత్తగా ఉడికింది. మిజ్బిల్ తెల్ల అంగీ తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. తిరిగి వచ్చినప్పుడు అతను కొంచెం ముభావంగా ఉన్నాడు.

"బాగుందన్నారా?" అని అడిగింది.

"పళ్ళెం నాకేశారు."

"మరి మొహం అలా ఉందేం?"

"ఏం లేదు. మీ అన్న, వాడి నోరు. వదిలెయ్."

ఆమె వదిలేసింది.

తరవాత వచ్చిన శుక్రవారాల్లో ఒకటి చూసుకుని, గాలి లేని రోజు, అఖాతం ఒడ్డున ఉన్న చిన్న రేవుకి వెళ్ళారు. పొద్దున నీళ్ళు నిండుగా ఉన్నాయి. మిజ్బిల్ జీపు వెనక తగిలించిన పడవ ట్రెయిలరుని వెనక్కి నడిపి, సిమెంటు వాలు మీద నుంచి పడవని నీళ్ళలోకి దించాడు. మొదటిసారి కొంచెం వంకర పోయింది. రెండోసారి పాలలో చెంచా దించినట్టు దిగింది. సబీకా చుక్కాని పట్టుకుంది. అన్న తన స్నేహితులతో గట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆమె అటు చూసి చెయ్యి ఊపింది. అద్నాన్ కూడా ఊపాడు, అయిష్టంగా.

సముద్రం మీద మిజ్బిల్ పిల్లవాడైపోయాడు. మొదటి హమూర్ చేప గేలానికి తగిలినప్పుడు లేచి నిలబడి పడవని సగం ఒరిగించాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఉండగా మధ్యాహ్నం దాటిపోయింది. సబీకా నీటి వాలు చూస్తూనే ఉంది. "పోటు తీసిపోతోంది, వెళ్దాం," అని రెండుసార్లు అంది. అతని ఆనందం చూసి మూడోసారి అనలేదు.

తిరిగి వచ్చేసరికి రేవు మొహం మారిపోయింది. నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. సిమెంటు వాలు అంతమైన చోట మొదలై, నీటి అంచు దాకా బూడిదరంగు నేల నున్నగా పరుచుకుని ఉంది. మిజ్బిల్ కిందికి దూకి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుచుకుంటూ ఒడ్డుకెళ్ళాడు.

"కాసేపు ఆగుదాం," అని అరిచింది సబీకా పడవలోంచి. "నీళ్ళు మళ్ళీ సిమెంటు మీదికి వస్తాయి. అప్పుడు ఎక్కిద్దాం. సిమెంటు దాటకు."

గట్టు మీద అద్నాన్ వాళ్ళు ఇటే చూస్తున్నారు. మిజ్బిల్ చెయ్యి ఊపాడు, సరే అన్నట్టు. కానీ వంగి నేలని చూశాడు. పైన ఎండిన పెంకు, లేత రంగు, చిన్న చిన్న పగుళ్ళు. ఎడారిలో ఇలాంటి పెంకు మీద లారీలు పోతాయి. అతను నాలుగు టైర్లలో గాలి కొంచెం కొంచెం తీశాడు, ఇసుకలో దిగే ముందు తీసినట్టే. జీపెక్కి వెనక్కి నడిపాడు. సిమెంటు దాటాడు.

ఇది ఎడారివాళ్ళు మాత్రమే చేయగల తప్పు. సముద్రపు పిల్లవాడెవడూ ఆ నేలని నమ్మడు. దాని కింద ఏముందో వాడి కాళ్ళకి తెలుసు. మిజ్బిల్‌కి నేల చదవడం వచ్చు కాబట్టే నమ్మాడు.

పెంకు పగిలిన చప్పుడు పడవలో ఉన్న సబీకాకి కూడా వినపడింది. జీపు వెనక చక్రాలు ఒక్కసారిగా కూర్చున్నాయి. మిజ్బిల్ ముందుకి లాగించబోయాడు. నల్లబురద చక్రాల నుంచి చిమ్మి అద్దం మీద పడింది. ముందు చక్రాలూ కూర్చున్నాయి. అతను దిగి, ట్రెయిలరు కొక్కెం ఊడదీసి, చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. తవ్విన గుంట తవ్వినంత వేగంగా నిండిపోతోంది.

పోటు తిరిగింది. ఆ చదును నేల మీద నీళ్ళు నడిచి రావు, జారుకుంటూ వస్తాయి. ట్రెయిలరు చక్రాలు సగం మునిగాయి.

సబీకా లంగరు వేసి, ఒంటి మీది పొడుగాటి అబాయా పైకి దోపుకుని దిగింది. అన్న జీపు సిమెంటు వాలు పైన, ముక్కు గట్టుకి తిప్పి, తయారుగా నిలబడి ఉంది. వెనక కొక్కేనికి లావుపాటి తాడు చుట్టి ఉంది.

"అన్నయ్యా, తాడు వెయ్యి," అంది.

అద్నాన్ కదల్లేదు.

వినపడలేదనుకుని మళ్ళీ అంది. అతను ఆమె మొహం చూడకుండా చేతిలో కాఫీ గిన్నె వైపు చూశాడు. పక్కనున్నవాళ్ళు ఒకరు సముద్రం వైపు, ఒకరు ఆకాశం వైపు. వాళ్ళంతా ఎవరు? దారిలో ముక్కూమొహం తెలియనివాడి బండి ఆగిపోతే దిగి తొయ్యకుండా పోనివాళ్ళు. అలాంటివాళ్ళు సొంత మనిషి జీపు కళ్ళముందు మునుగుతుంటే పందిరి గుంజల్లా నిలబడి ఉన్నారు. ఎగతాళి ఇంత దూరం పోతుందా? అన్న ఇంత చెడ్డవాడా?

అప్పుడే ఫహాహీల్ ఊరి వైపు నుంచి వచ్చిన ఒక లావుపాటి మనిషి తన పికప్ దిగి, "అయ్యయ్యో, ఏంటలా చూస్తారు, మునిగిపోతోంది బండి," అంటూ తాడు తీసుకుని వాలు మీదికి పరిగెత్తాడు. అద్నాన్ లేచి, పరిగెత్తి, అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు, అన్నా. లాగకు."

"లాగకపోతే ఎలా?"

"లాగకు. నీకు దణ్ణం పెడతాను."

ఆ మనిషి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. సబీకా కూడా అలాగే నిలబడింది. ఇది ఎగతాళి కాదు. అన్న గొంతులో భయం ఉంది.

ఆమె భర్త వైపు తిరిగింది. మోచేతుల దాకా నల్లబురదతో మిజ్బిల్ తవ్వడం ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అతను కూడా ఆమె మొహం చూడటం లేదు.

"ఏమైంది మీ అందరికీ?" అంది. "నాకు చెప్పరా?"

చివరికి హమూద్ మామ లేచాడు. నాన్నతో ఒకే పడవలో పనిచేసిన ముసలాయన. చిన్నప్పుడు ఆమెను భుజం మీద మోసినవాడు.

"నోటితో చెప్పకూడని మాట, తల్లీ."

"చెప్పు మామా. నీళ్ళొస్తున్నాయి."

"ఆ రోజు దివానియాలో మీ అన్న మేలమాడాడు. బావా, ఇసుకలో నువ్వు పులివే, రేవులో మాత్రం నా తాడుతోనే బయటపడతావు చూడు, అన్నాడు. అందరూ నవ్వారు. నీ మొగుడికి పౌరుషమొచ్చింది. ఇంకొకడి బండి తాడేసి నా జీపుని లాగిన రోజున..." ముసలాయన సముద్రం వైపు తిరిగాడు. "నా పెళ్ళాం నాకు తలాక్ అని ఒట్టేశాడు."

సబీకాకి కాసేపు ఏమీ వినపడలేదు. పెదాలు కదలడం, పక్షులు లేవడం, నీళ్ళు జీపు తలుపు అంచుని తాకడం కనపడుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

"ఏ రోజు?" అంది చివరికి.

"నువ్వు మజ్బూస్ పంపిన రోజు."

పళ్ళెం నాకేశారన్నాడు. ఆమె వండింది తిని, ఆ చేతులు కడుక్కోకముందే ఆమె కాపురాన్ని పళ్ళెం పక్కన పెట్టి మాట్లాడుకున్నారు. ఆ అంగీ తనే ఇస్త్రీ చేసింది. ఆ తరవాత అన్నని ఎన్నిసార్లు కలిసింది, వదినతో ఎంతసేపు కబుర్లు చెప్పింది. ఈ గట్టు మీద కూర్చున్న ప్రతి మగవాడూ ఆమె సలాం అందుకున్నాడు. అందరికీ తెలుసు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటినట్టే ఉంది, ఒక్క ఆమె చెవికి తప్ప.

"నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదా?" అంది అన్నతో.

"నేనన్నది ఎగతాళికి, సబీకా. వీడు అంత మాట అంటాడని నాకేం తెలుసు," అన్నాడు అద్నాన్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందుకేగా చెట్టులా నిలబడ్డాను. నీ కాపురం కోసం."

"చెప్పలేదేం అంటున్నాను."

"ఆడవాళ్ళకి చెప్పే మాటా అది?"

మిజ్బిల్ లేచి వచ్చాడు. "పోనీ, సబీకా. జీపేగా, మునిగితే మునగనీ. నేను లాగించను. నువ్వుంటే చాలు నాకు."

ఇంకో రోజైతే ఆ మాటకి ఆమె కరిగిపోయేది. అతను నిజంగానే అన్నాడు కూడా. ప్రాణంగా ఎంచుకున్న జీపుని ఆమె కోసం సముద్రానికి వదిలేయడానికి తయారుగా ఉన్నాడు. కానీ ఆమె కళ్ళకి కనపడుతున్నది వేరే. ఇవాళ ఈ బురద. రేపు ఎడారిలో గుంట. ఎల్లుండి నడిరోడ్డు మీద ఆగిపోయిన ఇంజను. అతని బండి ఆగిన ప్రతిచోటా ఆమె ఊపిరి బిగబట్టుకుని, ఎవడైనా మంచివాడు సాయానికొస్తాడేమోనని భయపడాలి. మంచివాడికి భయపడుతూ బతకాలి.

ఒళ్ళంతా కోపం లేచింది. ఆమె నడిచి వెళ్ళి ఆ లావుపాటి మనిషి చేతిలోంచి కాదు, అన్న జీపు వెనక నుంచే తాడు లాగింది. వాలు మీద ఈడ్చుకుంటూ నీళ్ళలోకి దిగింది.

"సబీకా, వద్దు," అన్నాడు మిజ్బిల్.

తొడల దాకా నీళ్ళు. ఆమె వంగి, మిజ్బిల్ జీపు ముందు కొక్కెం చేత్తో తడిమి, నాన్న నేర్పిన ముడి వేసింది. ఎంత లాగితే అంత బిగుసుకునేది, కావాలన్నప్పుడు ఒక్క వేలితో విడిపోయేది. ఆశ్చర్యంగా, ఆ ముడి ఎప్పటికంటే చక్కగా పడింది.

"నేను లాగను," అన్నాడు అద్నాన్, తాళంచెవి పిడికిట్లో బిగించి. "నా చేత్తో నీ ఇల్లు కూల్చను."

ఆమె చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు. నువ్వు లాగనక్కరలేదు."

చెల్లెలి మొహంలో ఏం చూశాడో, పిడికిలి విప్పాడు.

మిజ్బిల్ రెండు జీపుల మధ్య, తాడుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పక్కకి జరగమని ఆమె అడగలేదు. జీపెక్కి ఇంజను వేసి, అద్దంలో అతన్ని చూసింది. అతను జరగలేదు. హమూద్ మామ వెళ్ళి, బురద చెయ్యి పట్టుకుని, పిల్లాడిని లాక్కెళ్ళినట్టు పక్కకి తీసుకెళ్ళాడు. ఆమె గేరు వేసింది. తాడు నీళ్ళలోంచి లేచి, బిగిసి, నీటిచుక్కలు విదిలించింది. బురద వదల్లేదు, వదల్లేదు, తరవాత పెద్దగా చప్పరించి వదిలింది. ఇసుకరంగు జీపు ముందు చక్రాలు సిమెంటు మీదికి వచ్చాయి. వెనక చక్రాలు వచ్చాయి. తలుపుల కింద నుంచి నీళ్ళు ధారలుగా కారాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "అమ్మయ్య, వచ్చేసింది," అన్నాడు ఏమీ తెలియని ఆ లావుపాటి మనిషి. అతని మాట అతనికే పెద్దగా వినపడినట్టుంది, తల దించుకున్నాడు.

సబీకా ఇంజను ఆపి, తాళంచెవి అన్న చేతిలో పెట్టి, "అమ్మ దగ్గరికి తీసుకెళ్ళు," అంది.

అమ్మ ఇంట్లో ఆమె నిద్రపోలేదు, ఏడవలేదు కూడా. ఏడుపు రావాలంటే ముందు జరిగింది నమ్మాలి. తను చేసిన పని చేయకుండా ఉండాల్సిందా అని తనని తాను అడిగితే, అవునని మనసు ఒప్పుకోలేదు. పన్నెండేళ్ళు. జ్వరం వస్తే తలగడ దగ్గర కూర్చున్న మనిషి. కింద పడుకుని బండి చూసి గ్రీజు మొహంతో నవ్విన మనిషి.

రెండు రోజులకి అద్నాన్ ఇద్దర్నీ పేట మసీదు ఇమాం ఇంటికి పిలిపించాడు. ఇమాం మెత్తని మనిషి. ఖర్జూరాలు, కాఫీ పెట్టించి, అంతా విని, చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"ఇలాంటి మాటకి ఒకే ఒక్క ప్రశ్న ఉంటుంది," అన్నాడు. "మిజ్బిల్, దేవుడు వింటున్నాడు, ఆలోచించి చెప్పు. ఆ ఒట్టు వేసినప్పుడు, అలా జరిగితే ఈమెను వదిలేద్దామనే నీ ఉద్దేశమా? అయితే వదిలేసినట్టే. మాటకి బలం కోసం అన్నావా? అయితే అది ఉత్త ఒట్టు, ప్రాయశ్చిత్తం ఉంది. నీ మనసులో ఏముందో నాకు తెలీదు. నువ్వే చెప్పాలి."

సబీకా వేళ్ళు అబాయా అంచుని పట్టుకున్నాయి. రెండు రోజులుగా ఆమె ఈ రెండు జవాబులకీ తయారవుతూనే ఉంది. వదిలేద్దామనుకున్నానంటే ఎలా లేచి వెళ్ళాలో ఆలోచించుకుంది. అలా అనుకోలేదు, నువ్వంటే నాకు ప్రాణం, నిన్ను వదులుకోలేను కాబట్టే నా అతిపెద్ద ఒట్టు నీ మీద వేశాను అంటే, ఎంతసేపు అలిగి ఎప్పుడు క్షమించాలో కూడా ఆలోచించుకుంది.

మిజ్బిల్ తల పైకెత్తాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. ఆమె అతన్ని ఎంచుకున్నదే అందుకు.

"ఇమాం గారూ, ఉన్నది చెప్తాను. వదిలేద్దామని లేదు. అసలు ఆ క్షణాన సబీకా నా మనసులోనే లేదు. నా ముందు ఉన్నది అద్నాన్ నవ్వు, బయట నా జీపు. అంతే. ఈమె అనే మనిషి ఉందనే గుర్తు లేదు నాకు."

ఇమాం మొహం వెలిగింది. "అల్‌హమ్‌దులిల్లా. అయితే చిక్కు లేదు. అది ఉత్త ఒట్టే. పది మంది బీదవాళ్ళకి అన్నం పెట్టు. నీ కాపురం చెక్కు చెదరలేదు. ఇంకెప్పుడూ ఆ మాట నోట రానీకు."

అద్నాన్ లేచి బావని కావలించుకుని ఏడ్చేశాడు. ఇమాం కాఫీ మళ్ళీ పోయించాడు. మిజ్బిల్ ఉరికొయ్య దగ్గర నుంచి తిరిగొచ్చినవాడిలా నవ్వుతూ, ఏడుస్తూ, ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాడు. ఆ గదిలో సబీకాని చూసినవాళ్ళు లేరు. రేవులో ఒట్టు సంగతి విన్నప్పుడు చెవులు మూసుకుపోయాయి కానీ, ఇప్పుడు అన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి. గిన్నెలో కాఫీ పడే చప్పుడు కూడా. మూడో జవాబు ఒకటి ఉంటుందని ఆమె అనుకోలేదు. దానికి ఆమె తయారవలేదు.

ఇంటికి తీసుకెళ్ళడానికి మిజ్బిల్ జీపు తెచ్చాడు. సీట్లు ఇంకా తడిగానే ఉన్నాయి, ఉప్పు వాసన. దారంతా అతనే మాట్లాడాడు. ఆటుపోట్ల వేళలు నేర్చుకుంటానన్నాడు. సిమెంటు దాటనన్నాడు. వించి కూడా పెట్టిస్తానన్నాడు. పది మందికి ఏం వండాలి, గొర్రెమాంసమా, చేపలా అని అడిగాడు.

ఇంటికి తిప్పాల్సిన మలుపు దగ్గర ఆమె, "అమ్మ దగ్గరికి పోనీ," అంది.

"సామాన్లు తెచ్చుకోడానికా?"

"కాదు. అక్కడే ఉంటాను."

అతను బండి పక్కకి ఆపాడు. అర్థం కానట్టు చూశాడు. "కాపురం నిలిచిందని ఇమాం గారు అన్నారుగా?"

"ఆయన అన్నారు. నేనింకా ఏమీ అనలేదు."

"నిజమేగా చెప్పాను, సబీకా. ఆ నిజమే మనల్ని కాపాడింది."

"నిజమేనని తెలుసు," అంది. "పడవకి రెండు వైపులా నా పేరు రాయించావు. వీధి చివర నుంచి కూడా కనపడుతోంది."

మొదటిసారి అతని మొహంలో నవ్వు పోయి, ఆ రోజు రేవులో ఒట్టు సంగతి విన్నప్పుడు ఆమె మొహంలో ఉన్నదే వచ్చి కూర్చుంది. ఆమె తలుపు తీసుకుని దిగి, అమ్మ ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది. వెనక జీపు ఇంజను చాలాసేపు అలా తిరుగుతూనే ఉంది.